తువ్వాల కింద

ఎమ్మిగనూరు సంతలో మా నాయన పకీరప్ప
ఎద్దు పళ్ళు లెక్కబెట్టి, గిట్టలు తట్టి చూసి,
భుజమ్మీది తువ్వాల తీసి
ఎదుటోని చేతిమీద కప్పేవాడు.
చుట్టూ నలభై మంది.
కింద ఏం జరుగుతోందో ఒక్కరికీ తెలీదు.
చూపుడువేలు పడితే ఒకటి,
పిడికిలంతా పడితే అయిదు,
కణుపు నొక్కితే ఎంతో
నాకు నేర్పనేలేదు.
నోరు మాత్రం వానల గురించి మాట్లాడేది.

"ఎంతకు తెగింది నాయనా?"
"తువ్వాలనడుగు పో మాబున్నీ."

ఇప్పుడు కర్నూలు పెద్దాసుపత్రిలో
పదకొండో నంబరు గది నాది.
రక్తపరీక్ష కాయితం విప్పేముందు తలుపు మూస్తాను,
మాట బయటికి పోకుండా ఫ్యాను పెంచుతాను.
మూడు వందల పన్నెండు పేర్లు నా దగ్గర.
ఆదోని మిల్లు మనిషి, కోడుమూరు లారీ డ్రైవరు,
పసుపు తాడు ఇంకా పచ్చిగానే ఉన్న ఒక పిల్ల...
ఎవరో చెప్పను, ఇక్కడ కూడా.

ఒకప్పుడు ఆ పట్టిక ఉత్త మెయిల్లో పోయేది,
పోస్టుకార్డు మీద రాసినట్టు.
ఎవరి చేతిలోనో పడింది ఒకసారి.
గూడూరులో ఒక ఇంటోళ్ళ బిందెను
కొళాయి కింద పెట్టనియ్యలేదు.
నెల తిరక్కుండా ఆ ఇంటికి తాళం.

అప్పట్నుంచి ఫైలుకు నేనే తాళమేస్తాను.
ఫైలు మెయిల్లో, చెవి ఫోన్లో.
రెంటినీ ఒకే బస్సెక్కనియ్యను.
అనంతపురంలో అందుకునే సుగుణమ్మ మొహం
నేనింతవరకూ చూళ్ళేదు.
ఆమె గొంతు దగ్గు ముందొచ్చి తర్వాత మాటొస్తుంది,
అదే మాకు గుర్తు.

మొన్నొక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు.
సంబంధం చూస్తున్నాం తల్లీ,
పేరుందో లేదో ఒక్క ముక్క చెప్పు చాలు, అన్నాడు.
పైనుంచి ఫోను చేయించాడు.
ఆ సాయంత్రం ఎవరో పెన్‌డ్రైవులో ఫైలెత్తుకుపోయారు.
తెరిస్తే ఏముంది,
కోళ్ళు కెలికిన ముగ్గు.
మర్నాడు మళ్ళీ వచ్చాడు, అదేం భాషని అడిగాడు.
నేను వానల గురించి మాట్లాడాను.

నాయన ఆఖరున అమ్మింది మా సొంత ఎద్దునే,
నా కాలేజీ ఫీజుకు.
ఎంతకో అమ్మకూ చెప్పలేదు.
ఆయన పోయిన ఏడాదికి
కొన్న ముసలాయన్ని వెతుక్కుంటూ వెల్దుర్తి పోయాను.
ఆయన మాట్లాడలేదు. తువ్వాల తీశాడు,
నా చేతిమీద కప్పాడు,
వణికే వేళ్ళతో పిడికిలి పట్టి వదిలి
రెండు కణుపులు నొక్కాడు.

నాకు సగమే తెలిసింది.
మిగతా సగం అడగలేదు.