నాలుగంగుళాల మడత

మార్చి నెలాఖరు. హసావీలో దుమ్ముగాలి
షట్టరు సందుల్లోంచి వచ్చి మిషను మీద కూర్చుంటుంది.
బడులు తెరిచే ముందు నా కొట్టుకి పండగ:
బూడిదరంగు స్కర్టులు, తెల్లచొక్కాలు,
"కాస్త వదిలి కుట్టు భాయ్, పిల్ల పెరుగుతుంది" అనే తల్లులు.

ఆ వరసలోనే నిలబడింది కెజియా.
చేతిలో గుడ్డ లేదు. పేరు ఏ బడిలోనూ లేదు.
ఆ మాటకొస్తే ఏ కాగితంలోనూ లేదు.
రాజోలు సువార్తమ్మ కూతురు.
నాలుగిళ్ళలో బాత్రూములు కడిగి వచ్చేదాకా
తల్లి దాన్ని ప్లైవుడ్ గదిలో పెట్టి తాళమేసుకునేది;
ఇప్పుడు నా మిషను పక్కన వదిలి పోతోంది.

"నన్నూ కొలు మావయ్యా."
నవ్వి టేపు వేశాను.
భుజం పది. ఛాతీ ఇరవై మూడు.
నేను చెప్పకముందే అది చదివేస్తోంది.
ఎవరు నేర్పారే?
"టేపే."
దాని కొస పట్టుకుని, ఆగి, అడిగింది:
"అరవై తర్వాత ఏముంటది?"

ఐదో క్లాసులో పలక పారేసినోణ్ణి.
అరవై ఒకటి అంటే సరిపోయేది.
నోరు పెగల్లేదు.
ఆ రాత్రి కత్తిరింపు బల్ల మీద
ఏ మేడమ్‌దో అబాయా గుడ్డ పరిచి
కొలత సుద్దతో అ రాశాను.
నల్లగుడ్డ మీద అ ఇంత తెల్లగా ఉంటుందని
రాయచోటిలో మా అయ్యవారు చెప్పలేదు.
దిద్దింది. దులిపాను. మళ్ళీ రాసింది.
ఎన్ని అబాయాలు మా ఓనమాలు మోసుకుంటూ
మాల్స్‌లో తిరుగుతున్నాయో!

ఋ దగ్గర మాత్రం దానికీ నాకూ తడబాటే.
శుక్రవారాలు నర్సు సుగుణక్క వచ్చి ఇంగ్లీషు చెబుతుంది,
నైట్ డ్యూటీ కళ్ళతో, మధ్యమధ్య తూలుతూ.
షట్టరు ఎవరైనా తడితే
ముగ్గురం ఊపిరి బిగబడతాం.
సుద్దముక్క కెజియా పిడికిట్లోకి పోతుంది.

ఎంబసీలో వరస పొడుగనీ,
అవుట్‌పాసు వస్తుందనీ, రాదనీ,
వస్తే రాజోల్లో ఏడేళ్ళ పిల్లని
ఏ క్లాసులో కూర్చోబెడతారోననీ
సువార్తమ్మ రోజుకో మాట.

నేను మాత్రం మిగిలిన ముక్కలతో
ఒక జత కుట్టి పెట్టాను.
ఆ రంగు ఏ బడిదీ కాదు.
జేబు మీద బ్యాడ్జి చోటు ఖాళీ.
స్కర్టు అంచు లోపలికి నాలుగంగుళాలు మడిచాను.

నిన్న వేసుకుని, అంచు తిప్పి చూసి
"ఇంత గుడ్డ లోపలెందుకు దాచావు?" అంది.
వచ్చే ఏడాది పొడుగు అందులో ఉంది, విప్పకు, అన్నాను.
"ఆ పై ఏడాదిదో?"

సూదిలో దారం ఎక్కించమని
దాని చేతికే ఇచ్చాను.