పద్దెనిమిది సెకన్లు

కుతైసి ఊళ్ళో
సిగ్నల్ పెట్టెల తాళంచెవులన్నీ నా నడుముకే వేలాడతాయి.
చిల్లర పని. తలుపు తీసి, సాలెగూడు దులిపి,
కాగితం మీదున్న అంకెని పెట్టెకి చెప్పడం.
ఆ అంకె ఎవరిదని నేనెప్పుడూ అడగలేదు.

పాత బజారు ముందు రోడ్డు దాటడానికి పద్దెనిమిది.
వెడల్పు ఇరవై ఒకటిన్నర మీటర్లు,
మనిషి సెకనుకి మీటరూ ఇరవై సెంటీమీటర్లు నడుస్తాడు.
ఏ మనిషి?
నేను పుట్టకముందు ఎక్కడో, ఎవరో
గడియారం పట్టుకుని కొలిచిన మనిషి.
అతని చేతిలో సంచీ లేదు.
అతని మోకాలు ఏనాడూ వాన కబురు ముందే చెప్పలేదు.
అన్ని ఊళ్ళ రోడ్లూ అందరికంటే ముందు దాటేసి
వెళ్ళి పట్టికలో కూర్చున్నాడు.

నజిబ్రోలా పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతుంది,
పొద్దున అటు పక్క బస్సులాగే చోట,
ఎండ తిరిగాక ఇటు పక్క.
పచ్చబొమ్మ నడిచినంతసేపూ ఆమె నడుస్తుంది.
బొమ్మ ఎర్రబడి నిలబడిపోయాక
ఆమెకి నిలబడే చోటుండదు.
సరిగ్గా మూడో వరుసలో దొరికిపోతుంది.
మినీబస్సు డ్రైవర్లు హారన్ మీద అరచెయ్యి ఆనించి
ఆమె పుట్టిన ఏడుని తిడతారు.
గింజల బకెట్టుని గుండెకి అదుముకుని
పరుగులాంటిదొకటి చేస్తుంది.
పరుగు కాదది, కాళ్ళతో చెప్పే క్షమాపణ.

ఆమెని తరమాలని ఏ ఇంజనీరూ అనుకోలేదు, నిజం.
మంచివాళ్ళే. చలికి టీ తాగుతూ
పట్టికలోంచి ఒక అంకె కిందికి దించారు.
అంత మెత్తగా జరుగుతుంది.

కొత్తగా వచ్చిన ఎతెరి
మార్చి నెల, మంచు బురదలో
నాలుగు రోజులు ఆ మూల నిలబడింది,
చేతిలో స్టాప్‌వాచీ, జేబునిండా నజిబ్రోలా గింజలు.
మూడోనాడు ముసలామె అడిగింది:
"ఏం లెక్కపెడుతున్నావే పిల్లా?"
"మీ అడుగులు."
"అయితే ఈ బకెట్టుని కూడా వేసుకో. ఇదీ నాతోనే నడుస్తుంది."
ఎతెరి నవ్వలేదు. రాసుకుంది.
బకెట్టు, ఆరు కిలోలు.

ఎనిమిది సెకన్లు పెంచితే
బస్సుల వరుస వంతెన దాకా పాకుతుందన్నాడు ఎల్గుజా, మా పై అధికారి.
ఆమె వాదించలేదు. వంతెన దాకా నడిచి వరుసని కొలిచింది.
నిజమే, పెరిగేలా ఉంది, రెండు బస్సులు.
ఆ రెండు బస్సుల్లో ఎంతమందికి ఎంత ఆలస్యమో
అదీ రాసింది, తనకి ఎదురు తిరిగే అంకెని దాచకుండా.
నాకు అది నచ్చింది.

జూన్‌లో కాగితం వచ్చింది: ఇరవై ఆరు.
పెట్టె తెరిచి ఒక మీట ఎనిమిదిసార్లు నొక్కాను.
నా బతుకులో చేసిన పెద్ద పని అదేనేమో,
చప్పుడు కూడా రాలేదు.

మర్నాడు చూద్దామని ఇద్దరం వెళ్ళాం.
పచ్చబొమ్మ వెలిగింది. నజిబ్రోలా అడుగు తీసి అడుగు వేసింది.
మూడో వరుస దగ్గరికి రాగానే
బకెట్టు గుండెకి అదుముకుని
పరుగందుకుంది.
అవతల చేరి, రొప్పుతూ వెనక్కి తిరిగితే
బొమ్మ ఇంకా నడుస్తూనే ఉంది,
ఎవరికోసమో తనకే తెలియనట్టు.

ఎతెరి స్టాప్‌వాచీ ఆపడం మరిచిపోయింది.
పెట్టెలో అంకెకి తాళంచెవి నా దగ్గరుంది.
ఆ పిక్కల్లో రాసిపెట్టిన పద్దెనిమిదికి
ఏ తలుపు తియ్యాలో
ఇద్దరికీ తెలీదు.

ఆగస్టులో అనుకుంటా, బల్బు మార్చడానికి నిచ్చెన మీదున్నాను.
నడిరోడ్డున ఆమె ఆగింది.
బకెట్టు కింద పెట్టింది. వంగింది.
జారిపడ్డ గింజలు ఏరుకుంది, ఒక్కొక్కటే.
ఎవడూ హారన్ కొట్టలేదు.
సరే, ఒకడు కొట్టాడు.
ఆమె తలెత్తి, వాడికేసి కాదు,
పచ్చబొమ్మకేసి చూసి
మళ్ళీ వంగింది.