ఉప్పు తిన్న నట్టు

గ్రిమ్స్‌బీలో చేపల లారీలకు రెండు ఉప్పులు.
ఒకటి సముద్రం పెడుతుంది,
రెండోది చలికాలమంతా కౌన్సిల్ వాళ్లు రోడ్డుమీద చల్లుతారు.
ఉప్పు తిన్న నట్టు విశ్వాసం తప్పదు.
హబ్బును వదలమంటే వదలదు.

నవంబరులో మా కంప్రెసర్ పోయింది.
ఒక్కసారిగా కాదు,
దగ్గి దగ్గి, అడుగునుంచి తుప్పు నీళ్లు కక్కి,
టీ వేళకి ఆగింది.
గ్లెన్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు:
"శేషూ, నువ్వే చెప్పు.
కొత్త కంప్రెసరా, బ్యాటరీ గన్నులా?
రెండింటికీ డబ్బు లేదు."

పెళ్లిసంబంధం చూసుకున్నప్పుడు కూడా
నేనింత ఆలోచించలేదు.

గాలి గన్ను తేలిక.
లారీ కింద వెల్లకిలా పడుకుని
నలభై తొమ్మిదేళ్ల భుజంతో పైకెత్తి పడితే
ఆ తేలిక ఎంత ఖరీదో తెలుస్తుంది.
పొద్దున్నే రెండు చుక్కలు నూనె పోస్తే చాలు,
సాయంత్రందాకా అలిశానని అనదు.
బెజవాడ ఆటోనగర్‌లో కాసిం మేస్త్రి
మొదట నా చేతిలో పెట్టింది అదే.
"నట్టుతో నువ్వు దెబ్బలాడకురా,
గాలితో మాట్లాడించు" అనేవాడు.

కానీ పైపు!
నా పేరు ఆదిశేషు. పదహారేళ్లుగా
నా వెంట ఒక పసుపుపచ్చ పాము.
చక్రానికి చుట్టుకుంటుంది, కాళ్లకి అడ్డం పడుతుంది.
గుంజకి కట్టిన గేదెలాగా
అది సాగినంత మేరే నా మేత.
ప్రతి జాయింటు దగ్గరా బుస్సుమంటూ
రాత్రంతా కారుతూనే ఉంటుంది.
కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా మనసులో అనుకునేవాణ్ణి,
గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమని.
గ్లెన్‌కి ఈ మాట ఎలా చెప్పను?
చెప్పలేదు.

గురువారం పనిముట్ల వ్యాను తెచ్చి నైజెల్
బ్యాటరీ గన్ను నా అరచేతిలో పెట్టాడు.
మూడు నెలల పసిబిడ్డ తల అంత బరువు.
పెట్టెమీద రాసిన బలం పెట్టెమీదే ఉంటుందని నాకు తెలుసు.
ఒక కంపెనీ బ్యాటరీ కొన్నామా, ఏడడుగులు నడిచినట్టే.
డ్రిల్లూ గ్రైండరూ లైటూ ఇక ఆ ఇంటివే,
వేరే గడప తొక్కనివ్వదు.
"వారం అప్పు ఇచ్చి చూడు" అన్నాను.

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి
డాకు గేటు దగ్గర ఒక లారీ ఒరిగిపోయింది.
లోపల కాడ్ చేప, బయట మంచు.
ఏ పైపూ అక్కడిదాకా రాదు.
నేనూ, అప్రెంటిస్ పిల్ల కైరా, ఆ అరువు గన్నూ.
పదిలో తొమ్మిది నట్లు బుద్ధిగా వచ్చేశాయి.
పదోదాని దగ్గర ఎర్ర దీపం మిటకరించింది.
బ్యాటరీకి చలి.
కైరా దాన్ని ఊడదీసి
స్వెటర్ లోపల కోడిపిల్లని దాచినట్టు దాచుకుంది.
ఈలోగా నేను పొడుగు కడ్డీ వేసి
ఒళ్లంతా వేలాడేసి
బెజవాడ తిట్లన్నీ వరసగా తిట్టాను.
వెచ్చబడ్డ బ్యాటరీ మళ్లీ పెట్టింది.
టకటకమంది, వచ్చేసింది.
కడ్డీకా, బ్యాటరీకా, తిట్టుకా,
ఎవరికి లొంగిందో ఇప్పటికీ తేలలేదు.

కొత్త చక్రం మాత్రం
ఎప్పట్లాగే టార్క్ రెంచితో, చేత్తో,
టిక్కుమనేదాకా బిగించాం.
ఈ తగవంతా విప్పడానికే.

గ్లెన్ కాగితంమీద రాసిచ్చాను:
గన్నులు రెండు, బ్యాటరీలు ఐదు.
ఒకటి ఎప్పుడూ ఆఫీసులో, హీటరు పక్కన.
నా భుజం అప్పుడే గొణుగుతోంది, గొణగనీ.
పాత గాలి గన్నుకి నూనె పోసి
గుడ్డలో చుట్టి డ్రాయరులో పెట్టాను,
ఎందుకో అడక్కండి.

నిన్న మూడో బే దాటుతుంటే
కైరా నా కాళ్లవైపు చూసి నవ్వింది.
"అక్కడేముందని అంత ఎత్తు అడుగేశావు?"
చూసుకున్నాను.
ఒట్టి సిమెంటు నేల.
"పాము" అన్నాను.