ఎరువు చోటు

మంచు తవ్వే బండి మలుపులో సైరన్ మోగించింది.
ఏడింటికల్లా వీధి ఖాళీ చెయ్యాలి,
లేదంటే ఈడ్చుకుపోతారు.
మాంట్రియల్‌లో జనవరి అంటే
కార్లకు తలదాచుకునే చోటు వెతకడమే.

మిర్లాండ్ తలుపు తట్టింది.
నర్సు చొక్కా మీద కోటు, కోటు మీద మంచు.
"మీ ఇంటి వెనక చోటు ఖాళీయే కదా, రెజాన్ గారూ,
ఈ ఒక్క రాత్రికి."

ఖాళీయే.
కళ్లలో శుక్లాలు ముదిరి
నా లైసెన్సు వెనక్కిచ్చేసిన నాటి నుంచి
సందులో ఆ తొమ్మిదడుగుల వెడల్పుకి
నా అంత వయసొచ్చేసింది.
ఎవరో ఒకరు అడిగారు, అదే పదివేలు.
"పెట్టుకో తల్లీ" అన్నాను.
ఇంకో మాట కూడా అన్నాను:
"చెత్తడబ్బా లాగాలి, కాస్త సందువైపుకి జరిపి పెట్టు."

ఆ కాస్త ఎంత?
రెండడుగులు. రెండున్నర.
ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్లి కొలుస్తున్నాను.

తెల్లారి చూస్తే
మోకాలి లోతు తెలుపు మధ్యలో
కారంత పొడుగు, కారంత వెడల్పు
నల్లటి తారు.
దాని మీద అప్పుడే పలచగా, పిండి జల్లినట్టు.
గాజుపెంకు ఒక్కటి లేదు.
తాళంచెవి మిర్లాండ్ వంటింట్లో
కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

పోలీసు కుర్రాడు చేతితొడుగులు తియ్యకుండానే రాసుకున్నాడు.
"ఈపాటికి రేవులో ఏ కంటైనర్లోనో ఉంటుంది,
ముందు పాత పరుపులు అడ్డం పెట్టి" అన్నాడు,
రేపటి వాతావరణం చెప్పినట్టు.

మా మరదలు ఒడెట్ ఫోన్లో ఒకటే నస:
ఎవరివ్వమన్నారు నిన్ను?
ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
ఇచ్చినవాడికి ఏం చేటో
ఆ సామెత చెప్పదు.

తర్వాత బీమా కంపెనీ.
గొంతు మర్యాదగానే ఉంది.
చోటు ఎవరిది?
నాది.
కాగితం ఏమైనా రాసుకున్నారా?
మంచు కురిసే రాత్రి కాగితం ఎవరు రాసుకుంటారమ్మా?
"చోటిచ్చినందుకు ప్రతిఫలంగా ఏమైనా పుచ్చుకున్నారా?"

అక్కడ ఆగాను.
కొత్త సంవత్సరం నాడు మిర్లాండ్
గుమ్మడికాయ సూపు తెచ్చింది.
వాళ్ల హైతీకి అది స్వాతంత్ర్యం వచ్చిన రోజట,
ఆ పూట పొరుగువాడికి పొయ్యకుండా తాగరట.
గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది.
అది అద్దె కిందికి వస్తుందా?
వస్తుందంటే కారుకి పూచీ నాది.
రాదంటే సూపుకి అవమానం.

"లేదు" అన్నాను.
నాలుక మీద లవంగం ఘాటు తగిలింది.

దొంగ ఊసు ఎవరూ ఎత్తరేం?
వాడికి పేరు లేదు.
అందుకే తప్పు
పేర్లున్నవాళ్ల గుమ్మాల ముందు తచ్చాడుతోంది.

నేనిచ్చింది ఖాళీ.
తిరిగొచ్చింది ఖాళీ.
చిల్లిగవ్వ తేడా లేదు, లెక్క సరి, అని
నాలో ఒక ప్లీడరు రోజూ రాత్రి కేసు గెలుస్తాడు.
గెలిచాక నిద్ర మాత్రం పట్టదు.

ఎందుకంటే ఎవరూ అడగనిది ఒకటుంది.
సందులో ఏది కదిలినా వెలిగే దీపం.
పిల్లి నడిచినా నా పడగ్గది పట్టపగలైపోతోందని
నవంబరులోనే తీగ పీకేశాను.
చోటుతో పాటు
చీకటి కూడా కలిపి ఇచ్చానని
ఆమెకు చెప్పలేదు.

మిర్లాండ్ ఒక్క మాటా అనలేదు.
"మీరేం చేస్తారు లెండి" అంది అంతే.
ఆ మాటను ఎటు తిప్పి పట్టుకున్నా
ఒక వైపు మెత్తగా ఉంటుంది,
రెండోవైపు కోసుకుంటుంది.

నిన్న స్టూలెక్కి
తడుముకుంటూ తీగ మళ్లీ తగిలించాను.
గిన్నె కడిగి, తుడిచి,
ఉత్త గిన్నె ఎలా ఇవ్వడమని
నాలుగు ఆపిల్స్ వేసి పెట్టాను.

తెల్లవారుజామున ఐదింటికి
బస్సు కోసం ఆమె సందులోంచి అడ్డదారిన వచ్చింది.
భళ్లున వెలిగింది దీపం.
ఆ నల్ల చదరం ఉన్నచోటే
ఠక్కున ఆగిపోయింది.
తలెత్తి దీపాన్ని చూసింది.
చాలాసేపు చూసింది.
తర్వాత నా కిటికీ వైపు తిరిగింది.

తెర వెనక నేను,
చేతిలో గిన్నె.