ఎన్ని మేజోళ్లు?

చక్రాల కుర్చీతో సహా తూకపు బల్ల ఎక్కిస్తారు.
కుర్చీ బరువు గోడ మీద ముందే రాసి ఉంది:
పద్దెనిమిది. అది తీసేస్తారు.
చొక్కా, తాళంచెవులు, జేబులో మేరీమాత బిళ్ల,
వీటికో అరకిలో తీసేస్తారు.
ఆఖర్న నర్సు నీదియా చెవి మీంచి పెన్సిలు తీసి
లేని కాలికి నూటికి ఆరు చొప్పున కలుపుతుంది.

"కలపడమెందుకమ్మా?" అన్నాను మొదటిసారి.
"పూర్తి మనిషివైతే ఎంతుండేవాడివో తెలియాలిగా,"
అంది, తలెత్తకుండా.
అంటే బొగోటా సైనికాసుపత్రి కాగితాల్లో
నా ఎడమకాలు ఇంకా ఉంది.
ఐదు కిలోల చిల్లర.
నాతోపాటే లావెక్కుతోంది.

కొండల్లో ఉన్నప్పుడు అరవై ఎనిమిది.
వీపు మీద మూట వేరే, ముప్పై ఐదు:
రేడియో, దాని బ్యాటరీలు, బియ్యం, తడిసిన దుప్పటి,
పంతోహ దగ్గర పందెంలో గెలిచిన అల్యూమినియం గిన్నె.
కాళ్లకి బలపాలు కట్టుకున్నట్టు తిరిగేవాళ్లం,
మబ్బులోకి, మబ్బులోంచి బురదలోకి.
ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు.
మందుపాతర పేలిన మూడు నెలలకి యాభై తొమ్మిది.
అమ్మ పాస్తో నుంచి ఇరవై గంటలు బస్సులో వచ్చి
నా మణికట్టు చుట్టూ వేళ్లు వేసి కొలిచి
ఏమీ అనకుండా వెళ్లి
బంగాళాదుంపలు ఉడకేసింది.

తర్వాత రెండేళ్లు
ఏం జరిగిందంటే చెప్పలేను.
కిటికీ. టీవీలో సైకిలు పందేలు.
బెల్లం నీళ్లు, అందులో జున్నుముక్క.
నాలుగింటికి మళ్లీ బెల్లం నీళ్లు.
ఒక్కో కిలో చప్పుడు చేయకుండా వచ్చి కూచుంది,
పని దొరకని బావమరిదిలా.
వెళ్లమని ఎవరు చెప్పగలరు?

ఓ రోజు రొసావురా ఒంటికాలి మీద లేచింది:
"మెట్లు దిగవు! మాట పెగలదు!"
ఆ లేవడం నా వంతు కదే, అన్నాను.
ఇద్దరం నవ్వాం.
నవ్వాక వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.
చాలాసేపు తిప్పే ఉంచింది.

కాళ్లు చేసే దోన్ ఓల్మేదో నన్ను బరువు అడగడు.
"ఎన్ని మేజోళ్లు?" అంటాడు.
మొండికాలు ఎండినకొద్దీ తొడుగు వదులై
ఒకదాని మీద ఒకటి ఆరు వేసుకున్న రోజులున్నాయి.
తర్వాత నాలుగు. రెండు.
డిసెంబరు వానల్లో ఒకటి.
ఇవాళ ఒక్కటీ లేకుండా, సబ్బు రాసినా,
దిగని ఉంగరంలా ఆగిపోయింది.
ఆయన తొడుగుని దీపం కింద అటూ ఇటూ తిప్పి
"ఇది చిన్నదవలేదు. నువ్వు పెద్దవాడివయ్యావు," అన్నాడు.
తిట్టో దీవెనో తేల్చుకోలేదు నేను.
కొత్త అచ్చుకి ప్లాస్టరు కలిపి చుట్టాడు.
వెచ్చగా ఉంది, ఎవరో పట్టుకున్నట్టు.

బయట వరండాలో చపాల్.
ఆ రోజు నన్ను మోసుకుని దిగినవాడు,
నాలుగు గంటలు, వానలో.
మధ్యలో భుజం మార్చుకున్నాడట, నాకు గుర్తులేదు.
కలపకుండా తీసేయకుండా నా బరువు తెలిసినవాడు
భూమ్మీద వాడొక్కడే.

"ఎంతున్నావు?"
"ఎనభై నాలుగు. కాలితో కలిపి ఎనభై తొమ్మిది."

చేతులు రుద్దుకుని, వంగి,
నా చంకల కింద పట్టి ఎత్తబోయాడు.
అరబెత్తెడు లేచాను.
వాడి నడుం కటుక్కుమంది.
ఆ నొప్పి ఆనాటిదేనట, ఇన్నేళ్లూ చెప్పలేదు.
పక్కనే కూలబడి, ఊపిరందుకుంటూ,
"అప్పుడు ఇంతకంటే బరువున్నావురా," అన్నాడు.
"లేదు. అరవై ఎనిమిది. అందులోంచి కాలు తీసెయ్."
"నాకు చెప్తావా?"

ఎదురుగా ఎంపనాదాల బండి.
చెరో రెండు తిన్నాం.
మూడోది వాడు చేత్తో విరిచాడు.
సమంగా విరగలేదు.
పెద్ద ముక్క వంక ఇద్దరం చూశాం,
ఎవరూ చెయ్యి చాపకుండా కాసేపు.