పొర

ఎర్రగుంట్ల హైస్కూలు స్టేజీ మీద
నాకు శాలువా కప్పినారు.
చెన్నకేశవులు సారు మైకు పట్టుకుని
నా బతుకును నాకే వినిపిస్తాండాడు:
వీధిలైటు కింద చదివిందని,
ఉత్త సంగటి తిని బడికి ఉరికొచ్చిందని,
ఈపొద్దు తాసిల్దారమ్మ అయిందని,
"ఉలి దెబ్బలు తిన్న రాయే గదా
గుళ్లో దేవుడయ్యేది!" అని.
చప్పట్లు.
నేల మీద కూర్చున్న పిల్లోల్లు
కాళ్లు తిమ్మిరెక్కి
నన్ను ఆ దేవుణ్ని చూసినట్టే చూస్తాండారు.

శాలువా లోపల ఒకటే చెమట.

సారూ, మనది బండల ఊరు.
దెబ్బలు తిన్న రాళ్లకు ఇక్కడ కరువా?
ముద్దనూరు రోడ్డు పొడుగూతా
పగిలిన ముక్కలు గుట్టలు గుట్టలు,
మేకలెక్కి నిలబడతాయి,
వాన పడితే సందుల్లో ఉత్తరేణి మొలుస్తాది.
ఒక్కటీ దేవుడు కాలేదు.
దెబ్బలు తక్కువై మాత్రం కాదు.

దస్తగిరమ్మ గుర్తుందా మీకు?
మూడో బెంచీ. ఎడమచేతి రాత.
లెక్కల్లో నాకంటే పది మార్కులు పైన,
కష్టాల్లో పదింతలు పైన.
నాకు వీధిలైటైనా ఉండె,
వాళ్ల సందులో స్తంభమే లేదు.
పదో తరగతి పరీక్షలకు ముందు
వాళ్లమ్మ నడుం పడిపోతే
వారం రోజులకని పాలిష్ ఫ్యాక్టరీకి పోయింది.
పద్దెనిమిదేండ్లయింది,
ఆ వారం ఇంకా అయిపోలేదు.
మొన్న బస్టాండులో కనపడింది,
రెప్పల మీద తెల్లటి పొడి.
దగ్గు మధ్యలో నవ్వి
"నువ్వు బాగుండావులే మే" అనింది.
ఆ "లే" దగ్గర కాలు ఆగిపోయి
నేను బస్సు ఎక్కలేకపోయినా.

కష్టమే మెట్టయితే
ఆమె నాకంటే ఎత్తున ఉండాల గదా.

నన్ను నిలబెట్టిందేందో చెప్తా గానీ
వినేదానికి ఏం బాగుండదు.
కడప హాస్టల్లో ఆదివారం గుడ్డు.
నా మంచం మీదికి గాలి తిరిగే ఫ్యాను.
స్కాలర్‌షిప్పు రాని మూడు నెలలూ
"నిదానంగా ఇద్దువులే" అన్న మెస్సు వీరమ్మ.
పరీక్ష ముందురోజు
తొమ్మిదికే లైటార్పి పండుకోమన్న వార్డెను.
ఆ రాత్రి నిద్రపోయినా సారూ,
కల కూడా రాని నిద్ర.
ఆ నిద్రకు ఎవరు కప్పుతారు శాలువా?

ఆకలి ఏం నేర్పిందంటారా,
క్లాసులో గడియారం చూసేది నేర్పింది.
వీధిలైటు పురుగులు నేర్పినాయి
ఒకే పేజీని నాలుగు తూర్లు చదివేది.

దాపరికం ఎందుకు,
ఆ వీధిలైటు కథ మొదట చెప్పింది నేనే,
ఇంటర్వ్యూలో.
బల్లకవతల ముగ్గురూ తలకాయలూపినారు.
అప్పటినుంచి ఆ లైటు ఆరడం లేదు.

మా నాయన ముప్పై ఏండ్లు గనిలో బండలు తీసినోడు.
సద్ది ఎత్తుకపోయిన ఒక పొద్దు చూసినా:
రాయి మీద నీళ్లు చల్లినాడు.
బీడీ కాలేంతసేపు ఊరికే కూర్చున్నాడు.
తర్వాత చెవి ఆనించి, ఏలితో తట్టి
పొర యాడుందో ఎతుక్కున్నాడు.
పసిబిడ్డ వీపు తట్టినంత దెబ్బ, ఒకటే.
బండ తనంతట తానే ఇడిపోయింది
పుస్తకంలో పేజీ మాదిరి.
పక్కన కొత్తగా వచ్చిన పిల్లోడు
రొప్పుకుంటా సమ్మెటతో బాదుతాంటే
"అట్ల కొడితే కంకరొస్తాది గానీ
బండ రాదురా" అన్నాడు.

మైకు నా చేతికొచ్చింది.
సారు చెవిలో అంటాండాడు,
"మీ కష్టాలు చెప్పండమ్మా,
పిల్లోల్లకు బుద్ధొస్తాది."

కడాపటి వరసలో ఒక పాప
ఎండ ముఖాన పడతాంటే
కూర్చున్నకాడే కునుకు తీస్తాంది.
పీయీటీ సారు బెత్తంతో అటే పోతాండాడు.

నా ప్రసంగం అంతా ఇంతే:
"సార్, లేపొద్దు.
ఆ పాపను కొంచెం నీడకు జరపండి."