నడవాలో ఆరు నిమిషాలు

బిష్కెక్ ఆసుపత్రి, రెండో అంతస్తు నడవా.
ముప్పై మీటర్లు.
ఆ కొసనొకటి ఈ కొసనొకటి నారింజ రంగు శంకువులు.
నా చేతిలో స్టాప్‌వాచీ,
మెడలో తాడుకి వేలాడుతూ
నేను పలకడానికి అనుమతి ఉన్న కాసిని వాక్యాలు.

టోకోబాయ్ కుర్చీలోంచి లేచి
ఆ చివరి దాకా చూశాడు.
"అక్కడేముంది?"
గోడ, అన్నాను.
"గోడని చూపించడానికా నన్నింత దూరం దింపారు?"

నారిన్ అవతల, మబ్బులకి కాస్త కిందుగా
అరవై రెండేళ్లు జీను మీద బతికినవాడు.
పలచటి గాలి పీల్చి పీల్చి
ఊపిరితిత్తుల్లో సన్నని నాళాలు బిగుసుకుపోయాయి.
వాటిలోకి నెత్తురు తోసి తోసి
గుండె కుడి గదికి కండ పట్టింది
బస్తాలు మోసేవాడి మెడలాగా.
ఎకో తీసిన రోజు డాక్టర్ ఆయ్‌జామాల్
"మీ గుండె పెద్దదైంది" అంటే
మెచ్చుకుందనుకుని
టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

సీసా మీద మందు పేరు లేదు. నలభై ఒకటి అన్న అంకె.
లోపలున్నది మందో ఉత్త పిండో
నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు.
తెలిసిన కంప్యూటర్ వేరే దేశంలో ఉంది.
"మీకే తెలియనిది నన్ను మింగమంటారా?"
అవును పెద్దాయనా, అదే పద్ధతి.
కాసేపు ఆలోచించి మింగేశాడు.
"సంతలో గుర్రాన్ని కొన్నా అంతేలే."

ఇవాళ పన్నెండో వారం.
వేలికి క్లిప్పు తగిలించి, వాచీ నొక్కాను.

*మీరు బాగా నడుస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలు ఉన్నాయి.*

గొంతు పెరగకూడదు, తగ్గకూడదు.
ఓదార్పుకి కూడా మోతాదు ఉంది,
మించితే లెక్క చెడుతుంది.
పక్కన నడవకూడదు,
నా అడుగు అతని అడుగుని లాక్కుపోతుందట.
అందుకని వెనక నడుస్తాను
చెప్పులు చప్పుడు కాకుండా.

అతనేమో మాట కలిపాడు.
గోధుమ రంగు ఆడగుర్రం ఈనిందని,
పిల్లకి ఒక కాలు మాత్రమే తెలుపని.
ఏ కాలు? అనబోయి
నాలిక కరుచుకున్నాను.

*సగం అయింది. అలాగే నడవండి.*

నాలుగో నిమిషంలో ఆగిపోయాడు.
గోడకి అరచెయ్యి ఆనించి
వంగి, రొప్పుతూ,
పెదాలు నేరేడు పండు తిన్నట్టు.
క్లిప్పులో అంకె ఎనభై రెండు.
అతను ఆగాడని వాచీ ఆగదు.

*కావాలంటే ఆనుకుని నిలబడండి. ఓపిక రాగానే నడవండి.*

ఇంకేం అనాలో కాగితంలో లేదు.
పది సెకన్లు. ఇరవై.
కింద ఎవరో స్ట్రెచర్ చక్రాలు ఈడ్చుకుపోతున్నారు.
ముప్పై.

అప్పుడు నా నోట్లోంచి,
నేనన్నానని కూడా తెలియకుండానే,
"చూ!"

గుర్రాన్ని కదిలించేటప్పుడు మా వాళ్లు చేసే శబ్దం.
మా అమ్మమ్మ అనేది, మడమతో డొక్కలో తడుతూ.
చదువుకున్నాక నేనెప్పుడూ అనలేదు.

టోకోబాయ్ తల తిప్పి చూశాడు.
నవ్వబోతే దగ్గొచ్చింది.
దగ్గు సగంలోనే
గోడని వదిలేసి
కదిలాడు.

నడవా పదిసార్లు, పైన పన్నెండు మీటర్లు.
మూడు వందల పన్నెండు, రెండు శంకువుల మధ్య.
కిందటిసారి కన్నా ఇరవై ఏడు ఎక్కువ.
ఎంత ఆయాసం, సున్నా నుంచి పదిలోపు చెప్పమంటే
ఏదో కనుమ పేరు చెప్పాడు.
"మంచు కరిగాక కాదు, కరగక ముందు."
ఏడు, అని రాసుకున్నాను.

ఆ ఇరవై ఏడు మీటర్లు
మాత్ర నడిపించినవో, పిండి నడిపించినదో,
మా అమ్మమ్మ నడిపించినవో
ఇక ఏ కంప్యూటరూ విడదీయలేదు.

అతన్ని బస్సెక్కించి వచ్చి
నియమం తప్పినప్పుడు నింపే పత్రం తీశాను.
తేదీ. సీసా అంకె.
*పరీక్షకురాలు అదనంగా పలికిన మాట:*
రాశాను.
*ఆ మాటకి అర్థం:*
పెన్ను అక్కడే పెట్టుకుని కూర్చున్నాను,
ఐదింటికి నడవాలో లైట్లు ఆర్పే మనిషొచ్చి
శంకువులు తీసెయ్యమంటారా అని అడిగేదాకా.